మనము ఏ అంగడిలో కొనవలెను?

ధ్యాన భాగము: 1 కొరింథీయులకు 10:23–33



మన పల్లె సంఘములలో ఎవరికైనను పెద్ద జబ్బు చేసి, జిల్లా ఆసుపత్రివారు ఇక మావల్ల కాదనినప్పుడు, మొదట మన నోట వచ్చు పేరు పంజాగుట్టలోని నిమ్స్. రోగి లోపల మంచముమీద నుండును. వెంట వెళ్లినవారు బయట నీడ చూచుకొని, సంచులు తలక్రింద పెట్టుకొని, ఎప్పుడు పేరు పిలుతురోయని చెవి అటు ఒగ్గి పండుకొందురు. గడచిన వర్షాకాలములో మేమును అట్లే మా సంఘపు పెద్ద యొకరికి తోడుగా వెళ్లి నాలుగు దినములు అక్కడ గడిపితిమి.

రెండవ దినమున రొట్టె, సబ్బు, కొంచెము పంచదార కావలసివచ్చినవి. పెద్దగారి భార్యయు మేమును మెట్రో వంతెన క్రిందుగా అమీర్‌పేట వైపు నడచి, దారిలో కనబడిన ఒక పెద్ద సూపర్ మార్కెటులో ప్రవేశించితిమి. లోపల చల్లగా నుండెను. దుమ్ము లేదు, ఈగ లేదు, అరువు ఖాతా లేదు, ఏమి కావలెనని అడుగువాడును లేడు. ఎవరికి వారే తీసికొని బుట్టలో వేసికొందురు. బిల్లు వేయు బల్లయొద్దకు రాగానే అక్కడ నిలిచియున్న అమ్మాయి మా మొగము చూచి, "వందనాలు అయ్యగారూ" అన్నది.

ఆమె మా పొరుగు గ్రామపు సంఘములోని పిల్ల. సండేస్కూలులో బంగారు వాక్యములన్నియు తప్పు లేకుండ చెప్పినందుకు ఒక క్రిస్మసు పండుగనాడు మేమే ఆమె చేతికి బహుమాన మిచ్చితిమి. ఇంటరు వరకు చదివి, ఇంటి అప్పు తీర్చుటకు పట్నము వచ్చి, అమీర్‌పేటలో ఒక హాస్టలు గదిలో నలుగురితో కలిసియుండి ఈ పని చేయుచున్నది. "ఆదివారము ఏ గుడికి పోవుచున్నావమ్మా?" అని అడిగితిమి. కాపరి నోట మొదట వచ్చు ప్రశ్న అదే గదా. ఆ దినము మాత్రము అడుగకయుండిన బాగుండెడిది.

"ఆదివారం యాడికి పోత అయ్యగారూ! ఆదివారమే గిరాకి. సెలవు మంగళారం ఇస్తరు. అదిగూడ ఒక్కోసారి ఇయ్యరు."

ఆమె మాటలాడుచునే ఒక కాలిమీది బరువు మరియొక కాలిమీదికి మార్చుకొనుచుండెను. పెద్దమ్మ అది కనిపెట్టి, "జర కూసోరాదు బిడ్డా" అన్నది. "కూసునేటందుకు ఏం లేదు పెద్దమ్మా. పొద్దుగాల తొమ్మిదిన్నరకు నిలబడితే రాత్రి తొమ్మిదిన్నర. కాళ్లు వాస్తయి. గోడకు ఒరిగినా కెమెరాల చూసి అడుగుతరు" అని ఆ పిల్ల నవ్వినది. మా వెనుక వరుసలో ఉన్నవారు తొందరపడుచుండిరి. చిల్లర లెక్కించి చేతిలో పెట్టుచు ఆమె మెల్లగా చెప్పిన చివరి మాట ఇది: "అయ్యగారూ, ఆ దుకాణంల కొనకుండ్రి అని మాత్రం ఎవ్వలకు చెప్పకుండ్రి. గిరాకి తగ్గితే ముందుగాల మమ్ములనే తీస్తరు."

ఆసుపత్రికి తిరిగివచ్చిన తరువాత పెద్దగారు మంచముమీదనుండి ఆ సంగతి అంతయు విని, "అట్లయితే ఇగ ఆ దుకాణంల కొనుడు పాపమే" అన్నారు. పెద్దమ్మ ఒప్పుకొనలేదు. "మనూరి సేటు దగ్గర గిదే సబ్బుకు ఇంకో రెండు రూపాయలు. ఆయన దుకాణంల పనిచేసే పోరడు మాత్రం కూసుంటడా?" అన్నది. ఇద్దరి మాటలోను సత్యమున్నది. ఈ నెల పత్రికలో మేము వ్రాయబూనినది ఆ ఇద్దరి తగవును గూర్చియే.

మొదట ఈ పెద్ద అంగళ్లు ఎట్లు వచ్చినవో కొంచెము చెప్పవలెను. మన పెద్దల కాలములో పట్నమందును వీధికొక కిరాణా కొట్టే. హైదరాబాదులో 1980లలో త్రినేత్ర, రత్నదీప్ వంటి సూపర్ మార్కెట్లు మొదలైనవి. 2004లో పంజాగుట్ట చౌరస్తాలో హైదరాబాద్ సెంట్రల్ అను పెద్ద భవనము తెరచిరి. 2006 చివర రిలయన్స్ ఫ్రెష్ దేశములో తన మొదటి దుకాణములను హైదరాబాదులోనే తెరచినది. అటుతరువాత బిర్లాల కంపెనీ త్రినేత్రను కొని, దానికి మోర్ అని పేరు మార్చినది. 2007లో రాంచీ మొదలగు పట్టణములలో కూరగాయలు అమ్ముకొనువారు తమ జీవనము పోవునని వీధులకెక్కిరి. ఉత్తరప్రదేశములో ప్రభుత్వమే ఆ దుకాణములను మూయుడని చెప్పినది. మన యొద్ద అంత గడబిడ కాలేదు. జనులు వెళ్లిరి, చూచిరి, బుట్ట నింపుకొనిరి. పెద్ద అంగడి యైనంతమాత్రమున శాశ్వతమని తలంచవద్దు. బిగ్ బజారును నడిపిన ఫ్యూచర్ కంపెనీ అప్పులలో మునిగి, అద్దెలు చెల్లింపలేక, 2022లో అనేక దుకాణములను రిలయన్సుకు పోగొట్టుకొనినది. ఏనుగులు పెనగులాడునప్పుడు వాటి కాళ్లక్రింది గడ్డి సంగతి ఎవరు చూతురు? ఆ బల్లలయొద్ద నిలిచియున్న పిల్లలే ఆ గడ్డి.

ఈ అంగళ్లవలన మేలు లేదని చెప్పుట అబద్ధమగును. తూకము సరిగా నుండును. ధర పొట్లముమీద అచ్చై యుండును. చదువురాని మన అవ్వ వెళ్లినను, ఏ కులమువాడు వెళ్లినను, లోపలికి రావలదనువాడు లేడు. మన జనులలో కొందరి తాతలు కొట్టు గుమ్మము ఎక్కకుండ వీధిలో నిలిచి, పైనుండి విసరిన ఉప్పు పొట్లమును పట్టుకొనినవారే. ఆ జ్ఞాపకము గలవారు, ఎవరిని అడుగక తామే చేయి చాచి తీసికొనగల అంగడిని చూచి సంతోషించినయెడల వారిని తప్పుపట్టుటకు మాకు నోరు రాదు.

కిరాణా కొట్టును గూర్చియు ఉన్నది ఉన్నట్లు చెప్పుకొందము. మంచి సేటు అరువిచ్చును. ఇంట చావు జరిగినప్పుడు, కూలి దొరకని నెలలో, ఆ ఖాతా పుస్తకమే మన పిల్లలకు అన్నము పెట్టినది. ఏ సూపర్ మార్కెటు బల్లయొద్దను "వచ్చే నెల ఇస్తా" అను మాట చెల్లదు. అయితే ఆ కొట్టులోనే ఒక పిల్లవాడు ఉదయము షట్టరు ఎత్తుట మొదలు రాత్రి దించువరకు బస్తాలు మోయుచుండును. వానికి హాజరు పుస్తకము లేదు, పింఛను లేదు, వారపు సెలవు సేటు దయమీద ఆధారపడియుండును. సేటు భార్య ఏ జీతమును లేక గల్లాపెట్టెయొద్ద కూర్చుండును. కనుక చిన్న అంగడి నీతిగలదనియు, పెద్ద అంగడి నీతిలేనిదనియు విభజించి, చిన్నదానిలో కొని నెమ్మదిగా నిద్రపోవుదమని తలంచువారికి ఆ నెమ్మది దొరకదు.

మరి రైతు మాట? మనలో అనేకులు కొనువారు మాత్రమే కాదు, అమ్మువారును. సిద్దిపేట జిల్లా వంటిమామిడి వైపు కూరగాయలు పండించువారికి తెలియును: పెద్ద కంపెనీలవారు కాయ నున్నగా, ఒకే పరిమాణముగా ఉన్నయెడల తూచుకొని డబ్బు ఇత్తురు, వంకర కాయను త్రోసివేయుదురు. దళారి వంకర కాయనుకూడ తీసికొనును గాని తరుగు పేరిట చేయి చాచును. ఈ రెంటికి నడుమ 1999 జనవరి 26న రైతు బజార్లు వచ్చినవి. అమీర్‌పేటనుండి మెట్రోలో మూడవ స్టేషను ఎర్రగడ్డ, అక్కడ ఒకటి యున్నది. ధర ఉదయమే బోర్డుమీద వ్రాయుదురు, రైతే ఎదుట కూర్చుండి అమ్మును. కూర్చుండి అను మాట మేము కావలెననియే వ్రాసితిమి. పట్నమందున్న మన సహోదరులు ఆకుకూర, టమాట అక్కడ కొనినయెడల ఒక రైతు ఇంటికి ఏదో కొంత అదనముగా చేరును. గాని ఇంటికి కావలసిన సరకంతయు అక్కడ దొరకదు. ఆ పిల్ల కాళ్ల వాపు దానివలన తగ్గదు.

ఇప్పుడు లేఖనమునకు వత్తము. అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘమునకు వ్రాయుచు అంగడి సంగతినే ఎత్తెను. ఆ పట్టణములో కటికి అంగడికి వచ్చు మాంసములో కొంత విగ్రహముల గుడులనుండి వచ్చునది. విశ్వాసులకు సందేహము పుట్టెను: ఇది కొనవచ్చునా, తినవచ్చునా? పౌలు జవాబు మనకు ఆశ్చర్యము కలిగించును. అంగడిలో అమ్ముదానిని, మనస్సాక్షి పేరిట ఆరాలు తీయకయే, కొని తినుడని ఆయన అనుమతించెను. భూమియు దానిలోని సమస్తమును ప్రభువుదే గదా యని కారణము చూపెను.

పెద్దమ్మ పక్షమున ఇంతకంటె బలమైన వాక్యము లేదు. ప్రతి గింజ వెనుక ఎవరి చెమట యున్నదో, ఎవరి కన్నీరున్నదో విచారించి కొనవలెనన్న, బీదవాడు ఏదియు కొనలేడు. దినకూలి చేసి రాత్రి ఏడు గంటలకు అరకిలో బియ్యము కొనుకొను స్త్రీమీద ఆ భారము మోపుట, మోయలేని బరువులు జనుల భుజములమీద పెట్టు పరిసయ్యుల పని. చౌకగా దొరకుచోట కొనుకొనుట ఆమెకు పాపము కాదు. ఈ మాట మేము స్పష్టముగా చెప్పుచున్నాము, ఎందుకనగా ఇట్టి ప్రసంగములు విని మొదట నొచ్చుకొనువారు ఎల్లప్పుడు బీదలే, ధనవంతులు కాదు.

అయితే పౌలు అక్కడ ఆగలేదు. రెండు వచనముల తరువాత మరియొక మాట చేర్చెను. బల్లయొద్ద కూర్చున్నప్పుడు ఎవడైనను వచ్చి, ఇది బలి అర్పించినదని మీతో చెప్పినయెడల, అప్పుడు తినవద్దు. ఎవని నిమిత్తము? చెప్పినవాని నిమిత్తము. నీ మనస్సాక్షి నిమిత్తము కాదు, ఎదుటివాని మనస్సాక్షి నిమిత్తమని ఆయన మరల వివరించెను. మాంసము మారలేదు. అదే అంగడి, అదే తునక. మారినది ఒక్కటే: ఒకడు నోరు తెరచి చెప్పెను, నీవు వింటివి.

ఈ రెండు మాటలను కలిపి చదివినప్పుడు మాకు కొంత వెలుగు దొరకినది. ఆరాలు తీయవద్దనిన పౌలే, చెవిలో పడినదానిని పడనట్లు నటింపవద్దని చెప్పుచున్నాడు. ప్రతి దుకాణపు పుట్టుపూర్వోత్తరములు విచారించుట మన పని కాదు. గాని అందులో పనిచేయువారే ఒక్కమాటగా వచ్చి "ఇందులో మా ఎముకలున్నవి, కొనకుడి" అని చెప్పినప్పుడు, ఇక అది మునుపటి మాంసము కాదు. ఆ సంగతి వారు చెప్పవలెను. మనము వారికొరకు ఊహించి, వారిని అడుగక, మన మనస్సును తేలికపరచుకొనుటకు ఆ అంగడి విడిచి మరియొక అంగడికి పోయినయెడల, ఆ పిల్ల భయపడినట్లే జరుగును. మన మనస్సాక్షి శుభ్రమగును, ఆమె ఉద్యోగము పోవును. పౌలు పట్టించుకొనవద్దని చెప్పిన మనస్సాక్షి సరిగా అదే.

అయితే వారు ఒక్కమాటగా చెప్పుట ఎట్లు? ఒంటరి పిల్ల చెప్పలేదు. మాతో చెప్పినప్పుడుకూడ కెమెరా వైపు ఒక చూపు చూచియే చెప్పినది. ఇక్కడ మన భాషలోని ఒక మాట మాకు తోచుచున్నది. మనము విశ్వాసుల కూటమిని సంఘము అందుము. పనివారి కూటమిని కూడ సంఘమనియే అందుము. పొదుపు చేసికొను స్త్రీలకును అదే మాట. తెలంగాణ పల్లెలలో 1940లలో వెట్టిచాకిరికి ఎదురు నిలిచిన ఆంధ్ర మహాసభను జనులు పేరుపెట్టి పిలువలేదు, సంగమని మాత్రమే పిలిచిరి. ఒక్కడికి లేని నోరు పదిమందికి వచ్చుచోటు అని మన ముత్తాతలు ఆ మాటకు అర్థము గ్రహించిరి. కార్మిక సంఘమనగానే కొందరు భక్తులు జెండా, రాళ్లు, బందు అని ముఖము చిట్లించుకొందురు. నాట్ల కాలములో మన స్త్రీలు ఏమి చేయుదురో జ్ఞాపకము చేసికొనుడి. ముఠా అంతయు ముందుగా మాటలాడుకొని, ఇంతకు తక్కువైతే మడిలో కాలు పెట్టము అందురు. పెద్ద ఆమె పోయి దొరతో తెగించి మాటలాడును. ఒకతె మెల్లగా తక్కువ కూలికి ఒప్పుకొని పోయినయెడల వాడ అంతయు ఆమెను ఏమనునో మీకు తెలియును. అది సంఘము కాక మరేమి? దానికి రిజిస్ట్రేషను లేదు, అంతే భేదము.

రిజిస్ట్రేషనును అసాధ్యము కాదు. 1926లోనే కార్మిక సంఘముల చట్టము ఏడుగురు కూడి సంఘము స్థాపించుకొనవచ్చునని చెప్పెను. ఆ చట్టమునకు బదులు పారిశ్రామిక సంబంధముల స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది; కొన్ని షరతులతో ఆ హక్కు అందులోను నిలిచియున్నది. ఇక దుకాణముల విషయమై 1988 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టమే తెలంగాణలోను తన పేరు మార్చుకొని నడుచుచున్నది. దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు, ఐదు గంటల పని తరువాత ఒక గంట విశ్రాంతి, వారమునకొక సెలవు, మించిన గంటలకు రెండింతల కూలి అని అందులో ఉన్నది. 2023 ఏప్రిల్‌లో దుకాణములు రాత్రింబగళ్లు తెరచుకొనుటకు ప్రభుత్వము షరతులతో అనుమతించినప్పుడును సెలవు తప్పదనియే చెప్పిరి. కాగితము మంచిదే. ఆ కాగితమును దుకాణము గోడమీదినుండి దించి మేనేజరు ఎదుట పెట్టుటకు చేతులు కావలెను. మన దేశములో దుకాణములలో పనిచేయువారిలో అధికులకు ఏ సంఘమును లేదు. అనేకులు గుత్తేదారుని మనుష్యులు. ఎవరి మనిషివి అని అడిగినయెడల చొక్కామీద నున్న పేరు ఒకటి, జీతమిచ్చువాని పేరు మరియొకటి.

కేరళలో ఏమి జరిగినదో చూడుడి. కోళికోడు పట్టణపు మిఠాయి తెరువులో బట్టల కొట్లలో స్త్రీలు దినమంతయు నిలిచియే పనిచేయుచుండిరి, మూత్రశాలకు పోవుటకును చోటు లేదు. విజి అను దర్జీ స్త్రీ వారిని కూడగట్టి పెణ్‌కూట్టు అను స్త్రీల సంఘము నిలిపెను. కూర్చుండు హక్కు అని వారు అడిగినప్పుడు నవ్వినవారున్నారు. సంవత్సరములు గడచినవి. చివరకు 2018లో కేరళ ప్రభుత్వము దుకాణపు పనివారికి ఆసనము ఇయ్యవలెనని చట్టమును సవరించెను. 2021లో తమిళనాడు అదే చేసెను. ఒక స్టూలు కొరకు ఒక రాష్ట్రపు శాసనసభ దాక పోవలసివచ్చినది! రూతు గ్రంథము రెండవ అధ్యాయములో బోయజు పొలమునకు వచ్చి కోతవారిని దేవుని పేరిట పలుకరించును, పనివారి నాయకుడు ఆ మోయాబు చిన్నదానిని గూర్చి చెప్పుచు, ఉదయమునుండి పనిచేసి కొంతసేపు మాత్రము నీడను కూర్చున్నదని చెప్పును. బేత్లెహేము పొలములో కూలివారు కూర్చుండుటకు ఒక చోటున్నది, త్రాగుటకు కుండలలో నీళ్లున్నవి. మూడువేల సంవత్సరముల క్రిందటి ఆ పొలముకంటె చల్లని యంత్రములు గల మన అంగడి వెనుకబడియుండుట మనకు వింతగా తోచవలెను.

పనివారు చెప్పగా కొనువారు విన్న చరిత్ర ఇతర దేశములలోను ఉన్నది. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1965 సెప్టెంబరులో డెలనో అను ఊరి ద్రాక్షతోటలలో ఫిలిప్పీను కూలివారు సమ్మె ప్రారంభించిరి, కొద్ది దినములకే సీజర్ చావెజ్ నాయకత్వమున మెక్సికను కూలివారు కలిసిరి. తోటలో సమ్మె చేసినంత మాత్రమున యజమానులు లొంగలేదు. అప్పుడు కూలివారే దూరపు పట్టణములకు పోయి, అంగళ్ల ముందు నిలిచి, ద్రాక్ష కొనవద్దని గృహిణులను వేడుకొనిరి. ప్రొటెస్టెంటు సంఘముల వలస కూలీల పరిచర్యలోని సేవకులు వారి పక్షమున నిలిచిరి. ఆ లోయలోని సంఘములలో తోట యజమానులును బెంచీలమీద కూర్చుండువారే గనుక, ఆ సేవకులు మాటలు పడిరి. 1970లో తోటలవారు ఒప్పందముమీద సంతకము చేసిరి. ఐదు సంవత్సరములు! ద్రాక్షపండు తినకుండుట కష్టము కాదు, ఐదు సంవత్సరములు జ్ఞాపకముంచుకొనుట కష్టము.

ప్రతిసారి అట్లు జయము కలుగలేదు. అదే కాలిఫోర్నియా దక్షిణ భాగములో 2003 అక్టోబరులో పెద్ద కిరాణా అంగళ్ల గుమాస్తాలు, వైద్య బీమాను తగ్గించుచున్నారని సమ్మెకు దిగిరి. నాలుగున్నర నెలలు నడచినది. అనేకులు ఆ గుమాస్తాల వరుసను దాటిపోవుటకు మనసొప్పక దూరపు అంగళ్లకు పోయి కొనుకొనిరి. అయినను చివరి ఒప్పందములో క్రొత్తగా చేరువారికి తక్కువ జీతము, తక్కువ బీమా అని వ్రాయబడెను. వినుట వలన ఎల్లప్పుడు గెలుపు వచ్చునని మేము మీకు వాగ్దానము చేయము.

ఇక సెల్‌ఫోనులో నొక్కినంతనే సరకు ఇంటికి తెచ్చు క్రొత్త అంగళ్ల సంగతి. ఆ పిల్ల తమ్ముడు ఆ పనిలోనే ఉన్నాడని మరునాడు తెలిసినది. వాన కురియుచుండగా ఆసుపత్రి గేటుకు అతడే వచ్చి, అక్క పంపిన అరటిపండ్లు ఇచ్చి, నీళ్లైన త్రాగుమనినను నిలువక పోయెను. గంట మ్రోగుచున్నదట. దావీదు గుహలో దాగియున్నప్పుడు, బేత్లెహేము బావి నీళ్లు ఎవరైన తెచ్చి ఇత్తురా అని ఆశపడెను. ముగ్గురు శత్రువుల దండును చీల్చుకొని పోయి తెచ్చిరి. దావీదు త్రాగక, అది వారి ప్రాణపు వెల యని నేలను పారబోసెను (2 సమూయేలు 23). ఒక పాల పొట్లము కొరకు, ఒక సబ్బు కొరకు, పంజాగుట్ట చౌరస్తాలో ఎర్ర దీపము వెలుగుచుండగా దూసికొనిపోవు పిల్లవానిని చూచినప్పుడెల్ల మాకు ఆ అధ్యాయము జ్ఞాపకమునకు వచ్చును. మంచముపట్టిన వృద్ధురాలు మందు తెప్పించుకొనుట వేరు. కూర్చున్నచోటనుండి లేవ బద్ధకించి తెప్పించుకొనుట వేరు. ఆ పిల్లవాండ్రును నోరు తెరచిరి. 2023 ఏప్రిల్‌లో ఢిల్లీ ప్రాంతమున బ్లింకిట్ పనివారు చేరవేతకు ఇచ్చు సొమ్ము తగ్గించిరని సమ్మె చేసిరి. 2025 డిసెంబరు 31న తెలంగాణ గిగ్ కార్మికుల సంఘముతో సహా అనేక సంఘములవారు దేశమంతట పని నిలిపి, పది నిమిషముల పందెము మానిపించుడని అడిగిరి. 2026 జనవరిలో కేంద్ర కార్మిక మంత్రి కంపెనీలతో మాటలాడిన పిమ్మట బ్లింకిట్ తన ప్రకటనలనుండి పది నిమిషముల మాట తీసివేసినది. డిసెంబరు 31 రాత్రి కావలిరాత్రి కూడికకు కేకు ఫోనులోనే తెప్పించిన సంఘములు ఎన్ని యుండెనో!

ఆదివారపు సంగతి ఇంకను మిగిలియున్నది. అది మాకు అన్నిటికంటె ఎక్కువగా గుచ్చుకొనినది. పట్నములో ఆరాధన ముగియగానే సంచి పట్టుకొని తిన్నగా అంగడికి పోవు అలవాటు మన జనులకున్నది. ఆదివారమే గిరాకి అని ఆ పిల్ల చెప్పిన గిరాకిలో మన కుటుంబములును ఉన్నవి. ద్వితీయోపదేశకాండము ఐదవ అధ్యాయములో విశ్రాంతిదినపు ఆజ్ఞ యజమానునితో ఆగదు. నీవలె నీ దాసుడును దాసియు విశ్రమించుటకే ఆ దినమని చెప్పి, నీవును ఐగుప్తులో దాసుడవై యుంటివి గదా యని జ్ఞాపకము చేయును. ఆ సరకులు శనివారమే కొనుకొనవచ్చును. శనివారము కొనినంత మాత్రమున ఆమెకు ఆదివారము సెలవు రాదని మాకు తెలియును. అయినను ఆమెను నిలబెట్టిన చేతులలో మన చెయ్యి ఉండదు. ఆమె మంగళవారపు సెలవును మనమే ఆదివారముగా ఎంచి, సాయంకాలము ఒక చిన్న ప్రార్థన కూడిక పెట్టినయెడల నష్టమేమి? అమీర్‌పేట హాస్టళ్లలో ఇట్టి మన పిల్లలు ఎందరుందురో! వారిని మనము "గుడికి రావడము మానివేసినవారు" అని రిజిస్టరులో వ్రాసికొనుచున్నాము.

ఇదంతయు పట్నపు అంగళ్ల మీదికి నెట్టి మనము ఊరకుండలేము. ఊరికి తిరిగివచ్చిన తరువాత సంఘ కమిటీలో ఈ సంగతులు చెప్పుచుండగా, మూలను కూర్చున్న ఒక యౌవనుడు లేచి, "మన గుడి ఊడ్చే అవ్వకు నెలకు ఎంత ఇస్తున్నం అయ్యగారూ?" అని అడిగెను. కోశాధికారి పుస్తకము తిరగవేసెను. ఆ అంకె ఇక్కడ వ్రాయుటకు మాకు సిగ్గగుచున్నది. ఎనిమిది సంవత్సరములనుండి అది మారలేదు. యాకోబు పత్రిక ఐదవ అధ్యాయములోని బిగబట్టిన కూలి మొరను గూర్చి అదే గుడిలో మేము ఎన్ని పర్యాయములు ప్రసంగించితిమో! అవ్వ ఎన్నడును అడుగలేదు, నిజమే. ఆమెకు సంఘము లేదు, మన సంఘము తప్ప. ఆ రాత్రి కమిటీ ఆ మొత్తమును రెండింతలు చేసినది. దానికి బదులు మైకు సెట్టు కొనుట వాయిదా వేసితిమి.

పెద్దగారికి రెండు నెలల తరువాత మరల నిమ్స్‌లో చూపించవలసివచ్చినది. ఈసారి మధ్యాహ్నము రెండు గంటలకు, గిరాకి లేని సమయము చూచి, ఆ దుకాణమునకు వెళ్లితిమి. ఊరినుండి తెచ్చిన సకినాల డబ్బా ఆమె చేతిలో పెట్టి, "నీ ఇష్టము లేనిదే మేము ఎవ్వరికిని ఏమియు చెప్పలేదమ్మా" అంటిమి. ఆ పిల్ల ఇటు అటు చూచి, తాను, మరి నలుగురు కలిసి ఒక దినము మేనేజరు గదిలోనికి పోయి అడిగితిమని చెప్పినది. ఒక్కతె పోయిన తీసివేయుదురని ఐదుగురు పోయిరట. మొదట కసరినాడట, తరువాత పైవారితో మాటలాడెదననినాడట.

బల్ల వెనుక ఒక నీలపు ప్లాస్టిక్ స్టూలు ఉండెను. ఆరు బల్లలకు అదొక్కటే. గంటకొకరు వంతున కూర్చుండుచున్నారట. మేము వెళ్లినప్పుడు వంతు ఆమెది కాదు. చివరి బల్లయొద్దనున్న గర్భిణి కూర్చుండి బిల్లు వేయుచుండెను.